బుగ్గన చుక్కలు

అల్లుడు పని నుంచి వచ్చి, భుజానికున్న పనిముట్ల సంచీ కూడా దించకుండా, నేరుగా చేపల తొట్టి ముందు వంగాడు. రోజూ చేసే పనే. పగలంతా పెద్దపెద్ద భవనాల్లో మొరాయించిన లిఫ్టులతో కుస్తీ పట్టి వచ్చే మనిషికి, ఆ అద్దం వెనక తీరిగ్గా తిరిగే మూడు చేపల్నీ చూస్తే గాని ఇల్లు చేరినట్టుండదు. కానీ ఆ సాయంత్రం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. సంచీ జారి మోచేతి దాకా వచ్చినా సర్దుకోలేదు.

తొట్టి పక్కనే పెద్దావిడ కుర్చీ. మోకాలి ఆపరేషన్ అయ్యాక, కోలుకునేదాకా అని కూతురింటికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ చోటు అదే. కాలు పీట మీద చాపుకుని కూర్చుంటే ఒక పక్క కిటికీ, ఇంకో పక్క తొట్టి. కిటికీలోంచి చూస్తే ఎదురు భవనం గోడ, దాని మీద ఒక నీళ్ల గొట్టం. అంతకన్నా చేపలే నయమని ఆవిడ ఇటు తిరిగి పొద్దుపుచ్చేది. చేపలకి పేర్లు పెట్టింది కూడా ఆవిడే. లావుగా, నారింజరంగులో ఉండేది గుమ్మడి. ఒళ్లంతా తెల్లగా, ఉన్నట్టే తెలియకుండా మూలన మసిలేది సున్నం. ఎర్రటి వీపుతో, తొట్టి మొత్తం తన జాగీరైనట్టు తిరిగేవాడు దొర.

అల్లుడు చెడ్డవాడు కాడు. అత్తగారంటే గౌరవం ఎక్కువై, మాట తక్కువైన మనిషి. ఆవిడదీ అదే తంతు. ఇద్దరి మధ్యా ఏ మాటైనా కూతురి మీదుగా ప్రయాణం చేయవలసిందే. కూతురు ఇంట్లో లేనప్పుడు గాలికి చెప్పేవారు. "ఫ్లాస్కులో టీ ఉంది" అని అల్లుడు తలుపుతో చెప్పి డ్యూటీకి వెళ్లేవాడు. "మధ్యాహ్నం మాత్ర వేసుకోవడం అయింది" అని ఆవిడ చేపలతో చెప్పేది. ఏ మాట ఎవరికి చేరాలో వాళ్లకి చేరిపోయేది. ఇబ్బందేమీ ఉండేది కాదు.

"ఇలా రా ఒకసారి" అని అల్లుడు వంటగది వైపు కేకేశాడు.

కూతురు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సూపర్ మార్కెట్లో బిల్లులు కొట్టి వచ్చి అరగంటైనా కాలేదు, యూనిఫారం ఇంకా ఒంటి మీదే ఉంది.

"దొర బుగ్గ మీద చూడు."

"ఏదీ... అవునండోయ్. ఉప్పు చల్లినట్టుంది."

"తెల్లచుక్క పురుగు. కంటికి ఆననంత చిన్నవి, చర్మంలో దూరి అక్కడే పెరుగుతాయి. తర్వాత రాలి, అడుగున గులకరాళ్లలో పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలు మళ్లీ చేపల్ని పట్టుకుంటాయి. ఒకదానికి సోకిందంటే తొట్టి మొత్తం ఊడ్చిపెట్టుకుపోతుంది." అల్లుడి గొంతులో కంగారు కంటే జాలి ఎక్కువుంది. "పొద్దున చూశాను, కుదురుగా లేడు. అటూ ఇటూ ఒకటే పరుగు. అప్పుడే పట్టించుకోవలసింది."

"ఎలా వచ్చిందంటారు?"

"అదే తెలియడం లేదు. కొత్త చేపని తెచ్చింది లేదు, కొత్త మొక్క వేసింది లేదు. నీళ్లలో బయటిదేదైనా పడిందేమో..." అని ఆగి, "మీ అమ్మగారినోసారి అడుగు" అన్నాడు.

పెద్దావిడ కుర్చీ అక్కడికి బారెడు దూరం కూడా లేదు. కూతురు తల మాత్రం తిప్పింది. "అమ్మా, నీళ్లలో ఏమైనా వేశావా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పెద్దావిడ చెయ్యి తనకి తెలియకుండానే ఒళ్లోని బిస్కెట్ పొట్లం మీదికి పోయింది. ముందురోజు గుమ్మడి అద్దానికి మూతి ఆనించి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే, పాపం అడుగుతోంది గదా అని చిటికెడు పొడి నలిపి వేసింది. గుమ్మడి ఒక్క గుటకలో మింగేసింది. దానికింత కథ ఉంటుందని ఎవరనుకున్నారు?

"నేనేం వేస్తానే" అంది. అవునో కాదో తేలని జవాబు.

అల్లుడు సంచీ దించి, తొట్టి పక్కనున్న చేపల మేత డబ్బా తీసి బీరువా పైన పెట్టాడు. ఆ డబ్బా ఇన్నాళ్లూ ఆవిడ చేతికందే చోటే ఉండేది. ఆవిడ దాన్ని ఎన్నడూ ముట్టలేదు. ముట్టని డబ్బా ఎత్తు పెరిగేసరికి ఆవిడ ముఖం కిటికీ వైపు తిరిగింది. ఎదురు గోడ, నీళ్ల గొట్టం.

మర్నాడు పనికి వెళ్లేముందే అల్లుడు చేపల షాపతనికి ఫోన్ చేసి, చెప్పినవన్నీ తెచ్చుకున్నాడు. నీలం మందు సీసా, కల్లుప్పు, నీళ్లు వెచ్చబెట్టే గాజు గొట్టం. వడపోత యంత్రం మందుని పీల్చేస్తుందట, దాన్ని ఆపేశాడు. వెలుతురు తగిలితే మందు విరిగిపోతుందట, తొట్టికి మూడువైపులా పాత దుప్పటి కప్పాడు. చుక్కలున్న దొరని వల కాకుండా అరచేతులతో పట్టి, విడిగా బకెట్లోకి మార్చి స్నానాలగది మూలన పెట్టాడు. వల తగిలితే పొలుసు లేస్తుందని భయం. రెంచీలు, ఇనప తాళ్లు పట్టుకుని గట్టిపడ్డ చేతులవి. ఆ చేతుల్లో చేప ఒక్కసారైనా కొట్టుకోకుండా పడుకోవడం పెద్దావిడ చూసింది. కోపం తెచ్చుకుందామనుకున్నది తెచ్చుకోలేకపోయింది.

చుక్కలు లెక్కపెడుతూ మందు వేశాడు. నీళ్లలో నీలం పొగలా దిగి, నెమ్మదిగా తొట్టంతా పరుచుకుంది. గుమ్మడి నీలం గుమ్మడైంది. సున్నం నీలం సున్నమైంది.

"ఎవరూ దుప్పటి తియ్యకుండా చూడాలి" అని తలుపుతో చెప్పి వెళ్లిపోయాడు.

"తియ్యరులే" అని పెద్దావిడ దుప్పటితో చెప్పింది.

ఇల్లు ఖాళీ అయ్యాక ఆవిడ నడక సాధన మొదలుపెట్టింది. చేతికర్ర ఆనించి హాలు నుంచి స్నానాలగది దాకా, మళ్లీ వెనక్కి. డాక్టరు చెప్పిన నడకే, కాకపోతే ఆ రోజు స్నానాలగది దగ్గర ఎక్కువసేపు ఆగింది. బకెట్లో దొర అడుగు పట్టి కదలకుండా ఉన్నాడు. జాగీరు పోయిన దొర. ఒంటరిగా వేరే పెట్టిన ప్రాణి ముఖం చేపదైనా మనిషిదైనా ఒకేలా ఉంటుందనిపించింది.

అక్కడ నిలబడ్డప్పుడే ఆవిడకి ఒక సంగతి కొరుకుడుపడలేదు. ఆ చుక్కలు ఆవిడకి కొత్త కాదు. బిస్కెట్ పొడి వేయడానికి చాలా ముందే వాడి బుగ్గల మీద చూసింది. అప్పటి నుంచే వాడి వరస మారింది. పొద్దున్నే, ఇల్లు లేవకముందు, మోకాలి సలుపుకి నిద్రపట్టక ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చునేసరికి వాడు గుమ్మడి వెంట పడుతూ ఉండేవాడు. ముక్కుతో దాని పొట్టని నెట్టేవాడు. గుమ్మడి పారిపోయేది. పారిపోయేది పారిపోవాలి గదా, మూల దాకా వెళ్లి ఆగి వెనక్కి చూడటం ఎందుకు? వాడు రాగానే మళ్లీ పరుగు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. ఇదెక్కడి జబ్బు? జబ్బుపడ్డవాడు తిండి మానేస్తాడు, మూల ముడుచుకుంటాడు. వీడు పూటకి రెండింతలు తిని పెళ్లిచూపులకి వెళ్తున్నవాడిలా తిరిగాడు.

కానీ ఈ మాట అల్లుడికెలా చెప్పడం? 'బాబూ, మీ మగచేప ఆడచేప మీద మనసు పడింది' అని అత్తగారు చెప్పే మాటేనా? పైగా తను బిస్కెట్ వేసి కూర్చుంది. నేరం చేసినవాళ్లు సాక్ష్యం చెబితే ఎవరు నమ్ముతారు?

మర్నాడు పొద్దున కూతురు అద్దం ముందు నిలబడి, పిన్నులు పళ్ల మధ్య బిగించి తల దువ్వుకుంటూ ఉంటే దగ్గరికెళ్లింది.

"నీతో ఒక మాటే."

"ఊఁ."

"ఆ దొర... గుమ్మడి వెంట పడుతున్నాడే."

కూతురు పిన్నులు తీసింది. "లోపల పురుగు కుడుతుంటే నిలవలేకమ్మా. ఆయన చెప్పారుగా."

"పురుగు కుట్టినవాడు రాయికి రాసుకుంటాడు గానీ ఆడదానికి రాసుకుంటాడా?"

కూతురి దువ్వెన ఆగింది. "ఏంటమ్మా నువ్వనేది?"

హాల్లో అల్లుడు బూట్ల తాళ్లు కట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. పెద్దావిడ గొంతు దానంతటదే కిందికి దిగింది. "ఏం లేదులే."

"సాయంత్రం చెబ్దువుగానీ, బస్సు పోతోంది" అని కూతురు చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

సాయంత్రం ఆ మాట చెప్పే వీలే లేకపోయింది. అప్పటికి సున్నం చచ్చిపోయింది.

మధ్యాహ్నం నుంచే అది నీళ్ల పైకి తేలి, నోరు పైకెత్తి గాలి తాగుతోంది. పెద్దావిడ దుప్పటి అంచు ఎత్తి చూసింది. తియ్యొద్దన్నారు గానీ ఎత్తొద్దనలేదు గదా అని సర్దిచెప్పుకుంది. చెయ్యి పెడితే నీళ్లు ఒంటివేడికి దగ్గరగా ఉన్నాయి. వడపోత యంత్రం బుడబుడలు లేక హాలంతా చెవులు మూసినంత నిశ్శబ్దం. గుమ్మడి కూడా పైకొచ్చి సున్నం పక్కన అదే పనిగా నోరు ఆడిస్తోంది. ఎవరికైనా ఫోన్ చేద్దామా అనుకుంది. కూతురు బిల్లు కౌంటర్లో ఉంటే ఫోన్ తియ్యదు. అల్లుడి నంబరు ఫోన్లో ఉంది. ఆ నంబరు ఆవిడ ఎప్పుడూ నొక్కలేదు. పేరు మీద వేలు పెట్టి, ఏమని మొదలుపెట్టాలో తోచక తీసేసింది.

అల్లుడు వచ్చేసరికి సున్నం పక్కకి ఒరిగి తేలుతోంది. అతను చొక్కా చేతులు మడిచి, దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, దీపం కింద పెట్టి ఇటూ అటూ తిప్పి చూశాడు. ఒక కాగితంలో చుట్టాడు, ఆ చుట్టడం చిన్నపిల్లలకి గుడ్డ కప్పినట్టుంది. కింద పూలకుండీలు పెట్టేచోట పాతిపెట్టి వచ్చి, చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

తర్వాత వంటగదిలో మాటలు వినిపించాయి. తలుపు దగ్గరగానే వేశారు గానీ ఆ ఇంటి తలుపులు మాటల్ని ఆపేవి కావు.

"ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేదు. అయినా పోయింది. అంటే లోపల ఇంకేదో ఉంది."

"పాపం, మూలన ఉండేది."

"నేను తప్పుపట్టడం లేదు. మీ అమ్మగారు తెలియక ఏదైనా..."

"అమ్మ వెయ్యలేదంది కదండీ."

"తెలియక అంటున్నా. పెద్దవాళ్లు కదా."

తెలిసి చేశావంటే పోట్లాడొచ్చు. తెలియక అంటే ఇంకేముంది, నోరు కట్టేసినట్టే. పెద్దావిడ కర్ర అందుకుని మెల్లగా గదిలోకి వెళ్లింది. మోకాలికి ఆ పూట చేయవలసిన వ్యాయామం చెయ్యలేదు. చిన్నకొడుక్కి ఫోన్ చేసి, "ఆదివారం వచ్చి తీసుకుపోరా" అంది. "అప్పుడే తగ్గిందా?" అని వాడడిగితే, "తగ్గినట్టే" అంది. మంచం కింద నుంచి సంచీ లాగి, ఇస్త్రీ మడతలు చెదరకుండా ఒక్కో బట్టా సర్దుకుంది. కన్నీళ్లు రాలేదు. అల్లుడి మీద కోపం కంటే, ఫోన్ మీద నుంచి తీసేసిన తన వేలి మీద కోపం ఎక్కువుంది.

శనివారం అల్లుడికి సెలవు. కూతురికి కాదు. ఆమె వెళ్లిపోగానే ఇల్లు ఎప్పట్లాగే మాట లేకుండా ఐపోయింది. అల్లుడు కాలు గాలిన పిల్లిలా హాలుకీ స్నానాలగదికీ మధ్య తిరిగాడు. దుప్పటి తీసి గుమ్మడిని చూశాడు. అది నీళ్ల పైభాగాన వాలి, రెక్కలు ఒంటికి ముడుచుకుని, మూతి మాత్రం ఆడిస్తోంది. అతను సీసా తెచ్చాడు. మూత విప్పాడు. చుక్కలు పడేలా సీసాని తొట్టి మీద వంచాడు.

"ఆగండి బాబూ."

అది గాలికి చెప్పిన మాట కాదు. సూటిగా వెళ్లి అల్లుడికే తగిలింది. అతను సీసా అలాగే పట్టుకుని వెనక్కి చూశాడు. పెద్దావిడ కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది, కర్ర కూడా తీసుకోలేదు.

"ఆ మందు వెయ్యకండి."

"వెయ్యకపోతే ఇది కూడా పోతుందండీ."

"వేస్తేనే పోతుంది." ఒకసారి నోరు పెగిలాక ఆవిడకి ఆగడం తెలియలేదు. "నేను బిస్కెట్ పొడి వేసిన మాట నిజం. చిటికెడు. మీరడిగినప్పుడే చెప్పవలసింది, చెప్పలేదు. కానీ ఆ చుక్కలు బిస్కెట్ వల్ల రాలేదు. అంతకు చాలా ముందే ఉన్నాయి. నేను రోజూ చూస్తూనే ఉన్నాను."

"ముందే ఉన్నాయా?" అల్లుడు సీసా దించాడు. "మరి తిండి తిన్నాడా? రాళ్లకి ఒళ్లు రాసుకున్నాడా?"

"తిండికేం, సున్నం వాటా కూడా వాడే తినేవాడు. రాళ్ల జోలికే పోలేదు." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "అది జబ్బు కాదు బాబూ. వయసు."

అల్లుడు ఆలోచించాడు. "వయసంటే... ముసలివాడయ్యాడంటారా?"

పెద్దావిడ కళ్లు మూసుకుంది. ఇంతదూరం వచ్చాక ఇంక దిగక తప్పదు. "ముసలితనం కాదు. పెళ్లీడు. పొద్దున్నే లేచి గుమ్మడి వెంట పడుతున్నాడు. అదీ... మరీ ఇష్టం లేనట్టేం లేదు."

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. అతను సీసా మూత బిగించడంలో మునిగిపోయాడు, ఆ మూతకి చాలా మరలున్నట్టు. ఆవిడ కుర్చీలో కూర్చుని మోకాలు నిమురుకుంది. కాసేపటికి అతను వెళ్లి పనిముట్ల సంచీ తెరిచాడు. చిన్నచిన్న తీగలు అతికేటప్పుడు కంటికి పెట్టుకునే భూతద్దం తీశాడు. వంటగది నుంచి గాజుగిన్నె తెచ్చి, దొరని బకెట్లోంచి అందులోకి మార్చి, తెచ్చి ఆవిడ కుర్చీ ముందున్న పీట మీదే పెట్టాడు.

"టార్చి పట్టుకుంటారా?" అన్నాడు. ఎవరితోనో కాదు, ఆవిడతోనే.

ఆవిడ పట్టుకుంది. అతను మోకాళ్ల మీద కూర్చుని అద్దం కంటికి బిగించాడు.

"బుగ్గల మీద ఉన్నాయి... రెండుపక్కలా ఒకేలా ఉన్నాయి." గొంతులో అనుమానం మెల్లగా రంగు మారుతోంది. "పక్క రెక్కల ముందు అంచున వరసగా, పూసలు గుచ్చినట్టు. కొంచెం ఇటు తిప్పండి వెలుతురు. వీపు మీద లేవు. తోక... తోక మీద ఒక్కటీ లేదు."

"పురుగైతే తోక వదిలేస్తుందా?"

"వదలదు. మొదట పట్టేదే అక్కడ."

అల్లుడు ఫొటో తీసి షాపతనికి పంపి, ఫోన్ చేసి నేల మీద పెట్టాడు. అవతలి గొంతు పెద్దగా వినిపించింది. "అయ్యో సార్, ఇది పురుగు కాదు. మగచేపకి ఈడొస్తే బుగ్గల మీద ఇలా మొటిమలొస్తాయి. మీరు ఆ రోజు ఫొటో పంపలేదు, తెల్లచుక్కలన్నారు. నేను అదే అనుకున్నా. మందెంత వేశారు?... అంతా? నీళ్లు వెచ్చబెట్టి, వడపోత ఆపేసి కూడానా? వాటికి ఊపిరాడదు సార్. ముందు నీళ్లు మార్చండి, ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా."

ఫోన్ ఆగిపోయాక అల్లుడు లేవలేదు. గిన్నెలో దొర ఒక చుట్టు తిరిగాడు.

"అయితే సున్నానికి ఏమీ లేదన్నమాట" అన్నాడు. "నేనే చంపాను."

పెద్దావిడకి ఆ తల మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. "మీరు బతికించాలని పోశారు. అది గాలి కోసం తన్నుకుంటుంటే నేను చూస్తూ కూర్చున్నాను, ఫోన్ చేతిలో పెట్టుకుని. అందులో సగం నాది."

"ఫోన్ చెయ్యొద్దని మీకు ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అదే మరి."

అతను లేచి, బీరువా పైనుంచి మేత డబ్బా దించి ఆవిడ కుర్చీ చేతి మీద పెట్టాడు. "అది... అలా పెట్టకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆవిడ ఆ డబ్బాని దొర్లిపోకుండా పట్టుకుంది.

ఇక పని మొదలైంది. వేడిగొట్టం పీకేశారు. వడపోత యంత్రం మళ్లీ తిరిగేసరికి హాలులో బుడబుడలు వినిపించాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ విరిచే మందు కలిపి, వెచ్చదనం తొట్టి నీళ్లకి సమానమయ్యేదాకా అల్లుడు బకెట్లో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. పాత నీళ్లు తోడడానికి రబ్బరు గొట్టం ఒక కొస తొట్టిలో పెట్టి, రెండోది నోట పెట్టుకుని పీల్చాడు. నీళ్లు అనుకున్నదానికంటే ముందొచ్చాయి. ఉమ్మేసేసరికి నాలుక, పళ్లు అన్నీ నీలం.

పెద్దావిడ నవ్వాపుకోవడానికి చూసింది. అది ఆగలేదు. అల్లుడు అద్దంలో చూసుకుని, తనూ నవ్వాడు. నీలం నోటితో మనిషి నవ్వితే గౌరవం ఎక్కడ నిలుస్తుంది?

"గొట్టం కొస నేను పట్టుకుంటాను, మీరు రాళ్లు కదపండి" అంది ఆవిడ. కుర్చీ బకెట్ దగ్గరికి జరుపుకుంది. అతను గులకరాళ్లని చేత్తో కలుపుతుంటే అడుగునున్న మురికి లేచి గొట్టంలోకి వచ్చింది. ఒక బకెట్ నిండగానే ఆవిడ "ఊఁ" అనేది, అతను గొట్టం నొక్కిపట్టేవాడు. మధ్యాహ్నం దాటేసరికి నీలం పలచబడి, లేత ఆకాశమై, చివరికి మామూలు నీళ్లయ్యాయి. సాయంత్రానికి గుమ్మడి రెక్కలు విప్పింది. పైనుంచి కిందికి దిగి, రాళ్లలో దేనికోసమో వెతికింది. దాన్ని చూస్తూ ఇద్దరూ తినడం మర్చిపోయారు.

ఆ రాత్రి పెద్దావిడ చిన్నకొడుక్కి మళ్లీ ఫోన్ చేసింది. "రేపు రావద్దులేరా. ఇక్కడ పురుడొచ్చేలా ఉంది."

"పురుడా? ఎవరికి, అక్కకా?" అని వాడు అవతల గట్టిగా అరిచాడు.

"అక్కకి కాదురా, గుమ్మడికి" అని పెట్టేసింది. వాడు వెంటనే అక్కకి ఫోన్ చేసి, అమ్మకి మాత్రలు సరిగ్గా ఇస్తున్నారా అని అడిగాడట.

గుమ్మడి పూర్తిగా తేరుకున్నాక, అప్పటిదాకా బకెట్లోనే ఉంచిన దొరని మళ్లీ తొట్టిలో వదిలారు. ఒకటి రెండు రోజులు ఇద్దరూ ముక్కూముఖం తెలియనట్టు ఉన్నారు. తర్వాత ఒక ఉదయం హాలులో టపటపమని నీళ్లు చిమ్ముతున్న చప్పుడైంది. పెద్దావిడ కుర్చీలో ఉంది. అల్లుడు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. దొర, గుమ్మడిని నాచు గుత్తిలోకి నెట్టి, పక్కపక్కన ఒరుసుకుంటూ ఒళ్లంతా వణికిస్తున్నాడు. అల్లుడు కిటికీలోంచి ఎదురు గోడ చూశాడు. పెద్దావిడ మోకాలు పరీక్షించుకుంది.

"అయితే... గుడ్లు పెడుతుందనుకుంటా" అన్నాడు అల్లుడు గోడ వైపు చూస్తూనే.

"పెడుతోంది" అంది ఆవిడ. "మీరు డ్యూటీకి ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి చెప్పండి. పెట్టినవాటిని పెట్టినట్టే తినేస్తున్నారు ఇద్దరూ. ఏం తల్లిదండ్రులో."

అతను బూట్లు పక్కన పడేశాడు. నాచు గుత్తిని నీళ్లలోంచి ఎత్తి, చెదరకుండా బకెట్లోకి దించారు. ఆకుల నిండా ఆవగింజలంత గుడ్లు, లేత తేనెరంగులో, వెలుతురు పడితే ఒక్కోదానిలో ఒక్కో మెరుపు. అంటుకున్నవి అంటుకున్నట్టే ఉన్నాయి, ఎంత కదిపినా రాలలేదు. పెద్దావిడ ఆ పగలంతా బకెట్ పక్కనే ఉంది. మోకాలి వ్యాయామం కూడా అక్కడే చేసింది.

మర్నాడు సాయంత్రానికి వాటిలో కొన్ని తెల్లగా పాలిపోయాయి. అల్లుడు భూతద్దం పెట్టి చూసి, లోపలికెళ్లి నీలం సీసాతో వచ్చాడు.

"ఆ సీసా మూత ఈ ఇంట్లో మళ్లీ తీశారంటే ఊరుకునేది లేదు" అంది పెద్దావిడ.

"అత్తయ్యా, ఇది పురుగు మందుగా కాదు. చెడిన గుడ్లకి బూజు పడుతుంది. ఆ బూజు మంచివాటికి పాకుతుంది. ఒక్క చుక్క వేస్తే పాకదు. షాపతన్నీ అడిగాను, పుస్తకంలోనూ చూశాను."

"చెడినవాటిని ఏరేస్తే సరిపోదా? నాకు కళ్లున్నాయి, పట్టకారు ఇవ్వండి."

"ఏరదాం. ఏరినా కంటికి కనపడనివి మిగులుతాయి."

"కంటికి కనపడనివాటికి మందెయ్యబోయే కదా మొన్న అంత పని జరిగింది."

"అది వేరు, ఇది వేరు. మొన్న నేను చూడకుండా వేశాను. ఇప్పుడు చూసి అడుగుతున్నాను."

"నీలం నీలమే. పసిగుడ్లు, ఏం తట్టుకుంటాయి?"

"పసిగుడ్లనే అడుగుతున్నానండీ. మీరు నా మాట వినరేం?"

"మీరు నా మాట విన్నారా?"

తలుపు దభాలున తెరుచుకుంది. కూతురు ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది. చేతిలో సంచీ, ముఖంలో నెత్తురుచుక్క లేదు. "మెట్ల కింది దాకా వినపడుతున్నాయి మీ గొంతులు. ఏమైంది? అమ్మా, ఆయన్నేమన్నావు? ఏమండీ, అమ్మనేమన్నారు?"

ఇద్దరూ తలెత్తలేదు. అల్లుడు సీసా పట్టుకుని బకెట్‌కి అటు, పెద్దావిడ టార్చి పట్టుకుని ఇటు.

"నువ్వు మధ్యలో రాకే" అంది పెద్దావిడ గుడ్ల మీంచి చూపు తిప్పకుండా. "మేం మాట్లాడుకుంటున్నాం. ఊఁ, చెప్పండి బాబూ. ఒక్క చుక్కంటే ఎంత చుక్క?"